కనిపించలేదు మాస్టారూ!

(2026 సంక్రాంతి సెలవుల్లో జరిగిన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలిరా. నీ ఉద్యోగం గురించైనా సరే, జీవితంలో విజయం గురించైనా సరే" అన్నాడు. విజయం గురించి మాట్లాడగలవాళ్లు మన బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. ఇక నా ఉద్యోగమంటారా, పంపులు, టర్బైన్లు తిరిగేటప్పుడు వచ్చే అదురును కొలవడం. దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే భోజనాల దగ్గర నా పక్కన ఒక్కరూ కూర్చోరు. అందుకని, కిందటి దీపావళికి నేను కొనుక్కున్న చిన్న టెలిస్కోపు గురించి మాట్లాడతానన్నాను. ఆ కబుర్లలోంచి ఒక పాత బాకీ కూడా బయటికొస్తుంది. ఆ బాకీ ఎవరికి పడ్డానో ఆయన ఇక్కడే, ముందు వరుసలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దని నిన్న రాత్రే ఆంక్ష పెట్టారు. అందుకని "పీఎస్ మాస్టారు" అంటాను. మీకందరికీ తెలిసిపోతుంది, దానికి నేనేం చేయలేను.

ముందు టెలిస్కోపు సంగతి.

నేను కొన్నది రిఫ్రాక్టరు. అంటే అద్దాలతో కాకుండా కటకాలతో పనిచేసేది. మనం పదో తరగతిలో బొమ్మ గీసి, కిరణాలకు బాణం గుర్తులు పెట్టామే, అదే. ముందు వస్తు కటకం, వెనక అక్షి కటకం. నా దాని వస్తు కటకం వ్యాసం 70 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. పెట్టె మీద మాత్రం ఇవి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నది "525 రెట్లు" అని. పక్కన శనిగ్రహం బొమ్మ, దాని చుట్టూ పళ్లెమంత వలయాలు.

ఈ 525 ఎలా వచ్చిందో లెక్క వేశాను. వస్తు కటకం నాభ్యంతరాన్ని అక్షి కటకం నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 25 మిల్లీమీటర్ల కటకం పెడితే 28 రెట్లు. 10 పెడితే 70. పెట్టెలో 4 మిల్లీమీటర్లదొకటి ఇచ్చారు, దానితో 175. దానికి మూడింతలు చేసే బార్లో కటకం కూడా తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు. కానీ 70 మిల్లీమీటర్ల కటకం పట్టే వెలుతురును అంతగా సాగదీస్తే కనిపించేది మసక ముద్దే. పిండి అంతే ఉండగా అట్టు ఎంత పెద్దది పోస్తాం? వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెండింతలు దాటి పోకూడదని ఒక మోటు లెక్క. అంటే దీనికి 140 రెట్లు. నేను మాత్రం 28కి, 70కి స్థిరపడిపోయాను.

అలాగని చిన్నచూపు చూడకండి. చీకట్లో కుర్రవాడి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం దానికి పదింతల వ్యాసం, వైశాల్యంలో నూరింతలు. మా వయసు వచ్చేసరికి కంటిపాప 5 మిల్లీమీటర్లు తెరుచుకుంటే గొప్ప. కాబట్టి ముసలివాడికే లాభం ఎక్కువ. ఈ మాట మా ఆవిడకు చెప్పి కొనిపించాను.

కొన్నాక మబ్బులు పట్టాయి. తుపాను వచ్చింది. పెట్టె హాల్లో సోఫా పక్కన వారం పైగా ఉంది. కార్తీక పౌర్ణమి నాటికి ఆకాశం తేటపడింది. మాకు పెరడంటే అపార్ట్‌మెంట్ డాబాయే. మా ఆవిడ ఒక పక్క దీపాలు పెడుతుంటే, నేనొక పక్క ముక్కాలిపీట నిలబెట్టాను. అంత పెద్ద చందమామ. పావుగంట వెతికినా టెలిస్కోపులో దొరకలేదు! గొట్టం మీద గురి చూసుకోవడానికి చిన్న ఫైండర్ ఉంటుంది. అది ఒకవైపు, గొట్టం ఒకవైపు చూస్తున్నాయి. ముప్ఫై ఏళ్లుగా మోటారుకీ పంపుకీ అలైన్‌మెంట్ చేస్తున్నవాణ్ణి, నా సొంత సామానుకు చేసుకోలేదు. మర్నాడు పొద్దున దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను గొట్టంలో నడిమధ్యకు తెచ్చి, ఫైండర్‌ను దానికి సరిచేశాను. పగటిపూట ఈ పని చేసేవాళ్లు సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిప్పకూడదు. తగిన ఫిల్టరు ముందు కటకానికి లేకుండా ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది. ఇది సరదాగా చెబుతున్న మాట కాదు.

పౌర్ణమి చంద్రుడు టెలిస్కోపుకు మంచివాడు కాదని కూడా అప్పుడే తెలిసింది. సూర్యుడి వెలుగు నెత్తిమీద నుంచి పడుతుంది కాబట్టి నీడలుండవు. సున్నం కొట్టిన పళ్లెంలా కళ్లు చెదిరిపోతాయి. అదే అష్టమి చంద్రుడైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి ప్రతి గుంటకీ నీడ, ప్రతి కొండకీ నీడ. నవంబరు చివర్లో ఆ గీత మీద చూశాను. చీకటి వైపు ఒంటరిగా మెరిసే చుక్కలు కొన్ని కనిపించాయి. అవి కొండ శిఖరాలు. అక్కడ తెల్లవారుతోంది, లోయలోకి ఇంకా వెలుగు దిగలేదు.

చిక్కులూ ఉన్నాయి. ముక్కాలిపీట సన్నం. ఫోకస్ మర తాకితే చాలు, చందమామ నాలుగైదు సెకన్లు వణికిపోతుంది. నా వృత్తే అదురు కదా, ఊరుకోలేకపోయాను. మూడు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి, మధ్యలో అయిదు లీటర్ల నీళ్ల డబ్బా వేలాడదీశాను. వణుకు సగానికి తగ్గింది. ఇంకొకటి, పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి వేడి వదులుతుంది. ఆ గాలి లేస్తున్నంతసేపూ గ్రహాలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. పదింటి తర్వాత చూస్తేనే నయం. గురుగ్రహం అంచున సన్నటి ఊదా రంగు కూడా కనిపిస్తుంది. కటకం అన్ని రంగుల్నీ ఒకేచోట కలపలేకపోవడం వల్ల వచ్చేది అది. రెండు రకాల గాజులు కలిపి దాన్ని తగ్గిస్తారు, పూర్తిగా పోదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మనుషులతో వచ్చింది. డాబా మీద రాత్రిపూట ఒకాయన గొట్టం పెట్టుకుని ఎదురు బ్లాకు కిటికీల వైపు చూస్తున్నాడని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారు. అధ్యక్షుడుగారు స్వయంగా పైకొచ్చారు. నేనేమీ వాదించకుండా ఆయన్ని వంచి చంద్రుణ్ణి చూపించాను. అయిదు నిమిషాలు లేవలేదు. తర్వాత వాళ్లావిణ్ణి, అత్తగారిని తీసుకొచ్చారు. ఆ పెద్దావిడ చూసి, "మచ్చలనుకున్నాం గానీ, పాపం, ఒళ్లంతా గుంటలే!" అన్నారు. అప్పటి నుంచి మా డాబా దీపం పది తర్వాత ఆర్పడానికి ఎవరూ అడ్డు చెప్పడం లేదు.

మనవాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. ఆయన పేరు మీదే ఏవీఎన్ కాలేజీ. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఆయన 6 అంగుళాల రిఫ్రాక్టర్‌తో గమనించి, వివరాలు లండన్‌కు పంపారు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలలో 15 అంగుళాల రిఫ్రాక్టర్ ఉండేది. నాది మూడంగుళాలకు తక్కువ. అయినా జాతి ఒకటే.

ఇప్పుడు శని దగ్గరికి వస్తాను. బాకీ అక్కడే మొదలవుతుంది.

నవంబరు మూడో వారం, అమావాస్య రాత్రి. శని నడినెత్తికి కాస్త దక్షిణంగా ఉంది. దొరకబుచ్చుకున్నాను. 70 రెట్లు పెట్టాను. చిన్న, గుండ్రటి, పసుపుపచ్చ బిళ్ల. వలయాలు లేవు. కళ్లజోడు తీసి చూశాను, పెట్టి చూశాను. కటకం మార్చాను. 175 కూడా పెట్టాను. వలయాలు లేవు. మోసపోయాననుకున్నాను. వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయిందని గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది. నాకు లాగ్‌బుక్ రాసే అలవాటు. అందులో తేదీ, సమయం వేసి, "వలయాలు కనిపించలేదు" అని రాశాను.

మర్నాడు మా అమ్మాయికి ఫోన్ చేస్తే పగలబడి నవ్వింది. "నాన్నా, టెలిస్కోపుకేం కాలేదు. ఈ ఏడు అంతే" అంది. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 29 ఏళ్లు. అది 27 డిగ్రీల దాకా వాలి తిరుగుతుంది కాబట్టి, ఒక చుట్టులో రెండుసార్లు దాని వలయాలు మన చూపుకు అంచు మీదుగా వస్తాయి. 2025 మార్చిలో అలా వచ్చాయి. నవంబరులో మళ్లీ దాదాపు అదే స్థితికి వచ్చాయి. వలయాలు అడ్డంగా సుమారు 2,70,000 కిలోమీటర్లున్నా, మందం చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లే. అంచు మీదుగా చూస్తే కాగితాన్ని అంచు మీదుగా చూసినట్టే. నా 70 మిల్లీమీటర్ల కటకానికి అవి లేనట్టే.

గెలీలియోకూ ఇదే జరిగింది. 1610లో ఆయన శనికి రెండు పక్కలా రెండు చిన్న గోళాలున్నాయని రాశాడు. 1612లో చూస్తే అవి లేవు. అంతకుముందు తాను ప్రకటించిన దానికి అది ఎదురుపోయేదే. అయినా లేవనే రాశాడు. ఆ ఉండడమూ, లేకపోవడమూ రెండూ కలిపి చూసి, అది వలయమని 1659లో హైగెన్స్ పుస్తకం అచ్చువేశాడు. లేవన్న మాట రాసి ఉండకపోతే ఆ లెక్క తేలేది కాదు.

నా లాగ్‌బుక్‌లో "కనిపించలేదు" అన్న ఆ ఒక్క మాటను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అది నేను నలభై ఏళ్ల కిందట రాయవలసిన మాట.

1986. హేలీ తోకచుక్క వచ్చిన ఏడు. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మార్చి నెల, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. అయినా పీఎస్ మాస్టారు, "పరీక్షలు సెప్టెంబరులోనూ వస్తాయి, ఇది మళ్లీ 2061లో గానీ రాదు" అని మమ్మల్ని తెల్లవారుజామున నాలుగింటికి ఈ గ్రౌండుకే రమ్మన్నారు. ఎన్‌సీసీ సార్ దగ్గర బైనాక్యులర్ అడిగి తెచ్చారు. ముప్ఫైమందిమి వరుసలో నిలబడ్డాం. ఒక్కొక్కరికి అర నిమిషం. ఆగ్నేయం వైపు చూసి, ఏం కనిపించిందో నోటుబుక్కులో గీయాలి. చక్రం తిప్పొద్దని కట్టడి. తిప్పితే వెనకవాళ్లకు మళ్లీ సరిచేయడానికి టైం లేదు.

నా వంతు వచ్చింది. నాకేమీ కనిపించలేదు. నక్షత్రాలే పిండిబొట్లలా ఉన్నాయి. ముందున్న పదిమందీ "కనిపించింది సార్, కనిపించింది సార్" అంటూ పోయారు. వెనక ఇరవైమంది తోస్తున్నారు. నేను క్లాసులో మొదటి మూడు ర్యాంకుల్లో ఉండేవాణ్ణి. "కనిపించింది సార్! తోక కూడా కనిపించింది!" అన్నాను. పెట్రోమాక్స్ లైటు పక్కన కూర్చుని, తల పైకి, తోక కిందికి, తారాజువ్వలా శ్రద్ధగా బొమ్మ గీశాను.

మాస్టారు ఆ బొమ్మ చూశారు, నా మొహం చూశారు. ఏమీ అనలేదు. పుస్తకం మీద ఎర్ర సిరాతో "చూసింది గియ్యి" అని మాత్రం రాసి ఇచ్చేశారు. నాలుగు రోజుల తర్వాత మా నాన్నగారు నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. బడి నుంచి కబురొచ్చిందన్నారు. నాకు హ్రస్వదృష్టి. హ్రస్వదృష్టికి పుటాకార కటకం వాడాలని అప్పటికే రెండుసార్లు గడగడా అప్పజెప్పినవాణ్ణి. అది నా కళ్లకే ఉందని నాకు తెలియదు. బోర్డు కనిపించకపోతే పక్కవాడి పుస్తకం చూసి రాసుకోవడం అందరూ చేసే పనే అనుకునేవాణ్ణి.

కళ్లజోడు వచ్చింది, పరీక్షలు రాశాను, ఇంజనీరునయ్యాను. మాస్టారితో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎన్నో సంక్రాంతులకు ఊరొచ్చి, కాళ్లకు దండం పెట్టి, పూతరేకులు తిని వెళ్లానే గానీ, ఆ రోజు అబద్ధం చెప్పానని చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట నా దగ్గర పనిచేసే ఒక కుర్రవాడు నైట్‌షిఫ్టులో ఒక బేరింగ్ అదురు రీడింగులు రాశాడు. గంటగంటకీ ఒకటే అంకె, దశాంశం కూడా మారలేదు. తిరిగే యంత్రం అలా ఉండదు. మెమో ఇవ్వమన్నారు పైవాళ్లు. నేను అతణ్ణి తీసుకుని యంత్రం దగ్గరికే వెళ్లాను. చూస్తే సెన్సరు వైరు తెగి ఉంది. రీడింగు రాలేదని రాస్తే తననే అంటారేమోనని, పాత అంకెనే రాసుకుంటూ పోయాడు. ఆ రాత్రి బేరింగు నిజంగా పాడైపోతూ ఉండి ఉంటే మాకెవరికీ తెలిసేది కాదు. మెమో ఇవ్వలేదు. వైరు మార్పించి, "ఇప్పుడు చూసి రాయి" అన్నాను. అది ఎవరి మాటో అతనికి తెలియదు.

నిన్న రాత్రి టెలిస్కోపు పట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. పెరట్లో అరుగు పక్కన నిలబెట్టాను. తూర్పున గురుడు ధగధగా వెలుగుతున్నాడు. మాస్టారికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. కుర్చీలో కూర్చోబెట్టి, అక్షి కటకం ఆయన కంటి ఎత్తుకు తెచ్చాను. ఆయన చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఒరే, మసగ్గా ఉంది. నాకేం కనిపించలేదు" అన్నారు.

ఎంత తేలిగ్గా అన్నారో!

ఆయన చెయ్యి తీసి ఫోకస్ మర మీద పెట్టాను. మెల్లగా తిప్పుకున్నారు. ఆగారు. "ఆఁ... బిళ్ల కనిపిస్తోంది. పక్కన ఒక చుక్క... రెండు... మూడు. నాలుగోది ఉందో లేదో చెప్పలేను" అన్నారు. నేను చూస్తే నాలుగూ ఉన్నాయి, నాలుగోది గురుడి వెలుగుకు బాగా దగ్గరగా ఉంది. ఆయనకు కనిపించలేదు, కనిపించలేదనే అన్నారు. ఎనభై దాటిన మనిషి, తన శిష్యుడి ముందు.

అప్పుడు చెప్పాను. "మాస్టారూ, ఆ రోజు నాకు తోకచుక్క కనిపించలేదు."

"తెలుసురా" అన్నారు. "తెల్లవారుజామున సూర్యుడు కింద ఉంటాడు. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది. నువ్వు తోకను సరిగ్గా సూర్యుడి మీదికే గీశావు." కాసేపు ఆగి, "తప్పు నాది కూడా. చక్రం తిప్పొద్దన్నాను. తిప్పుకోనిచ్చి ఉంటే నీకూ కనిపించేది. తెల్లారాక తట్టింది నాకు. మర్నాడు మళ్లీ రమ్మందామనుకున్నాను, బైనాక్యులర్ వెనక్కి ఇచ్చేయాల్సొచ్చింది" అన్నారు.

నలభై ఏళ్లు అది నా ఒక్కడి గుట్టనుకున్నాను. ఆయనా మోశారు.

మిత్రులారా, ఈ టెలిస్కోపును మన బడికి ఇస్తున్నాను. హెడ్‌మాస్టరు గారు దయచేసి బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. కటకానికి దుమ్ము పడితే పడనివ్వండి, కొంచెం దుమ్ము వల్ల ఏం కాదు. గుడ్డతో రుద్దితేనే గీతలు పడతాయి. దానితోపాటు ఒక లాగ్‌బుక్ కూడా ఇస్తున్నాను. నాది మూడే కోరికలు. ఒకటి, చూసే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఫోకస్ మర తన చేత్తో తిప్పుకోవాలి. వెనక ఎంత పెద్ద వరుస ఉన్నా సరే. రెండు, "కనిపించిందా?" అని అడగొద్దు. అలా అడిగితే ఏ పిల్లలైనా అవుననే అంటారు. "ఏం కనిపిస్తోంది?" అని అడగండి. మూడు, కనిపించకపోతే "కనిపించలేదు" అని రాసినవాళ్లకూ అంతే మార్కులు. ఎవరైనా అదే పనిగా కనిపించలేదంటుంటే, వాళ్లింటికి కబురు పంపండి. కళ్లు చూపించమని.

మన సంఘం స్వర్ణోత్సవ కానుకగా గ్రౌండులో పెద్ద లైట్లు వేయిస్తోందని విన్నాను. మంచిదే. వెలుతురు కిందికే పడేలా వాటికి మూతలు పెట్టించి, అన్నిటికీ కలిపి ఒక స్విచ్ పిల్లలకు అందేచోట పెట్టించండి. ఖర్చు పెద్దగా పెరగదు, ఇంజనీరుగా ఆ లెక్క నేను చూసిపెడతాను.

ఈ రాత్రి భోజనాలయ్యాక గంటసేపు గ్రౌండు లైట్లు ఆర్పడానికి హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు. చంద్రుడు లేడు, మంచి చీకటి. గురుడున్నాడు. పిల్లలకోడి ఉంది, మామూలు కంటికి ఆరో ఏడో కనిపించే చోట టెలిస్కోపులో పదుల కొద్దీ చుక్కలు. ఓరియన్ కత్తిలో తెల్లటి పొగలాంటి నెబ్యులా ఉంది, అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. శని మాత్రం అప్పటికి అస్తమిస్తాడు. వలయాలు ఏటేటా విప్పారుతూ వస్తాయి. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లలు పదికి వచ్చేసరికి బాగా కనిపిస్తాయి.

లాగ్‌బుక్ మొదటి పేజీలో మాస్టారు నిన్న రాత్రే తన చేత్తో రాశారు. తేదీ, సమయం, ఆ కింద: "గురుడు. మూడు ఉపగ్రహాలు చూశాను. నాలుగోది నాకు కనిపించలేదు." రెండో వరుస ఖాళీగా ఉంది. భోజనాలయ్యాక రండి.